సంధి వేరు, సఖ్యం వేరు



పరవస్తు చిన్నయసూరి 1853లో నీతిచంద్రికను వెలువరించినప్పుడు అందులో ఉన్నవి రెండే భాగాలు: మిత్రలాభం, మిత్రభేదం. విగ్రహం, సంధి అనే తక్కిన రెండింటినీ ఆయన వ్రాయలేదు. ఆ పని తరువాత కందుకూరి వీరేశలింగం పంతులుగారు చేశారు. అయినా మన బడుల్లో తరతరాల పిల్లలు వల్లె వేసినవి సూరిగారి రెండు భాగాలే. మిత్రుడు ఎలా దొరుకుతాడు, దొరికిన మిత్రుడు ఎలా చెడతాడు అన్న కథలు మనకు కంఠస్థం. వైరం వచ్చినవాడితో ఎలా మెలగాలి, ఎక్కడ ఆగాలి, ఏ షరతు మీద కూర్చుని మాట్లాడాలి అన్న విద్య మాత్రం మనకు అంతగా పట్టుబడలేదు. చైనాతో మన దౌత్యసంబంధాలను గురించి తెలుగులో సాగే వాదోపవాదాలు చదివినప్పుడల్లా, మొత్తం జాతి చదువు ఆ రెండు భాగాలతోనే ఆగిపోయిందేమో అనిపిస్తుంది.

2024 అక్టోబరు 21న తూర్పు లడఖ్‌లో గస్తీ విషయమై చైనాతో అంగీకారం కుదిరిందని మన ప్రభుత్వం ప్రకటించింది. మరి రెండు రోజులకు రష్యాలోని కజాన్ నగరంలో మన ప్రధాని, చైనా అధ్యక్షుడు ఎదురెదురుగా కూర్చుని మాట్లాడుకున్నారు. 2020 నుంచి ఆగిన కైలాస మానససరోవర యాత్ర 2025 వేసవిలో మళ్ళీ మొదలైంది. అదే ఏడు అక్టోబరులో ఉభయదేశాల నడుమ నేరు విమానాలు తిరిగి ఎగిరాయి. ఈ వ్యవహారమంతటికీ పత్రికలవారు 'సంబంధాల సాధారణీకరణ' అనే బరువైన పేరు పెట్టారు. పేరు పెట్టీ పెట్టగానే రెండు పక్షాలు బయలుదేరాయి. గాల్వాన్‌లో చిందిన నెత్తురు ఆరకముందే చేతులు కలపడం ద్రోహమని ఒక పక్షం. రెండు ప్రాచీన నాగరికతలు మళ్ళీ కౌగిలించుకున్నాయి, ఇక ఈ శతాబ్ది ఆసియాదే అని రెండవ పక్షం.

ఈ టపా ఇరుపక్షాలమీదా అభియోగమే. పైకి బద్ధవిరోధుల్లా కనిపించే ఈ ఇద్దరూ చేసే పొరపాటు ఒక్కటే. దౌత్యసంబంధమంటే స్నేహమని ఇద్దరి నమ్మకం. కనుకనే ఒకరు స్నేహానికి తగనివాడితో సంబంధమేమిటని మండిపడతారు, మరొకరు సంబంధం కుదిరింది కనుక స్నేహితుడే అని మురిసిపోతారు. రాయబారిని పంపడం సన్మానపత్రం పంపడం కాదు. ఎదుటి రాజ్యం మంచిదనీ, దాని పాలన మనకు సమ్మతమనీ ఆ రాయబారి సాక్ష్యం పలకడు. ఎదుటివాడు ఏమి చేస్తున్నాడో చూసి, మనం ఏమి సహించమో చెప్పి, కుదిరినంతవరకు కాగితం మీద పెట్టించడం అతని పని. ఆ పనికి ఎక్కువ అవసరం నమ్మదగిన మిత్రుడి ఇంట్లోనా, నమ్మరాని పొరుగువాడి ఇంట్లోనా?

కౌటిల్యుడు రాజనీతికి ఆరు గుణాలు చెప్పాడు. సంధి, విగ్రహం, ఆసనం, యానం, సంశ్రయం, ద్వైధీభావం. ఆ ఆరింటిలో స్నేహమనే మాట వెతికినా దొరకదు. పైగా సరిహద్దు పంచుకున్నవాడిని ఆయన మండలసిద్ధాంతంలో అరి స్థానంలోనే కూర్చోబెట్టాడు. పొరుగువాడు దుర్మార్గుడని కాదు, పొరుగున ఉన్నాడు కనుక. ఇంత కఠినంగా లోకాన్ని చూసిన ఆ పెద్దమనిషే, సంధివల్లా విగ్రహంవల్లా కలిగే లాభం సమానమైతే సంధినే ఎంచుకోమన్నాడు. విగ్రహంలో జననష్టం, ధనవ్యయం, స్వదేశానికి దూరమైన ప్రవాసం తప్పవన్నది ఆయన చెప్పిన కారణం. ఇందులో దయాదాక్షిణ్యాల ప్రసక్తి లేదు, ఉన్నది కేవలం లెక్క.

ప్రజాస్వామ్య దేశం కమ్యూనిస్టు నియంతృత్వంతో ఎలా సంధి చేసుకుంటుందని అడిగేవారికి వ్యాకరణం తెలిసినవాడిగా నాదొక మనవి. సవర్ణాచ్చులకే సంధి అని ఏ వ్యాకర్తా శాసించలేదు. సవర్ణాలు కలిస్తే దీర్ఘం వస్తుంది, నిజమే. కాని ఇకార ఉకారాలకు అసవర్ణాచ్చు పరమైనప్పుడు యణాదేశం వస్తుంది. వర్ణాలు వేరైనా సంధికార్యం ఆగదు, దాని సూత్రం వేరవుతుంది, అంతే. ఇక తెలుగులో సంధి జరగని చోట సైతం భాష రెండచ్చుల నడుమ ఖాళీ ఉంచదు, ఒక యకారాన్ని తెచ్చి నిలుపుతుంది. పిల్లలకు యడాగమమని చెప్పేది అదే. సంధి కుదరకపోయినా పక్కపక్కన ఉండక తప్పని రెండింటి మధ్య ఏదో ఒక వారధి కావాలన్న వివేకం భాషకే ఉన్నది.

చరిత్ర చూద్దాం.

1949 డిసెంబరు 30న మనం చైనా జనతా గణతంత్రాన్ని గుర్తించాం. 1950 ఏప్రిల్ 1న దౌత్యసంబంధాలు ఏర్పడ్డాయి. ఇంతవరకు తప్పు పట్టవలసినది లేదు. తప్పు 1954లో మొదలైంది. ఆ ఏడు ఏప్రిల్ 29న కుదిరిన ఒప్పందం నిజానికి టిబెట్‌తో వాణిజ్యాన్ని, రాకపోకలను గురించినది. దాని పీఠికలో ఉన్న అయిదు సూత్రాలే పంచశీల పేరుతో లోకప్రసిద్ధమయ్యాయి. ఆ ఒప్పందంలో యాత్రికులు, వర్తకులు నడవదగిన ఆరు కనుమల పేర్లున్నాయి. సరిహద్దు ఎక్కడ అన్న మాట లేదు. దాని గడువు 8 సంవత్సరాలు. పీఠికను పాడుకున్నవారు కోట్లమంది, లోపలి ప్రకరణాలను చదివినవారు కొద్దిమంది. మనం భాయి భాయి అని నినదిస్తున్న ఆ రోజుల్లోనే అక్సాయ్‌చిన్ మీదుగా చైనా రహదారి వేసుకున్నది, 1957 నాటికి అది పూర్తయింది. అంటే చెడినది సంధి కాదు. సంధిని మిత్రలాభమని చదువుకున్న మన చదువు చెడింది.

1959 అక్టోబరు 21న లడఖ్‌లోని హాట్‌స్ప్రింగ్స్ వద్ద చైనా సైనికుల కాల్పుల్లో మన పోలీసులు 10 మంది నేలకొరిగారు. ఏటా అక్టోబరు 21న మన జిల్లా కేంద్రాల్లో పోలీసు అమరవీరుల సంస్మరణదినం జరుగుతుందే, దాని మూలం ఆ కొండల్లోనే ఉన్నది. ఆ తేదీ వెనుక చైనా సరిహద్దు ఉన్నదని తెలియక తలవంచి నమస్కరించేవారే మనలో ఎక్కువ. 1960 ఏప్రిల్‌లో చౌ ఎన్‌లై ఢిల్లీ వచ్చి మాట్లాడినా ఫలితం లేకపోయింది. 1961లో మన రాయబారి పెకింగు విడిచి వచ్చారు. 1962 అక్టోబరు 20న యుద్ధం.

ఇప్పుడు మొదటి పక్షంవారు శ్రద్ధగా వినాలి. వారు కోరే ప్రయోగం మనం ఒకసారి చేసి చూసినదే. 1961 నుంచి 1976 వరకు 15 ఏళ్ళు పెకింగులో భారత రాయబారి లేడు. కోల్పోయిన నేలనంతా తిరిగి సాధిస్తామని 1962 నవంబరు 14న లోక్‌సభ ప్రతిజ్ఞ చేసింది. ఆ 15 ఏళ్ళ మౌనం అందులో ఎంత నేలను తెచ్చింది? ఒక్క అంగుళం కూడా తేలేదు. 1967లో నాథూలా వద్ద, చోలా వద్ద ఘర్షణలు జరిగాయి. 1975 అక్టోబరు 20న తులుంగ్‌లా వద్ద అస్సాం రైఫిల్స్ జవాన్లు నలుగురు మరణించారు. మాటలు తెంచుకోవడం చైనాకు శిక్ష అయివుంటే, ఆ శిక్షను చైనా అనుభవించిన దాఖలా నాకు ఎక్కడా కనబడలేదు.

అయితే ఆ కాలంలోనూ తలుపు పూర్తిగా మూయలేదన్నది గమనించాలి. యుద్ధం నడుస్తున్న రోజుల్లో సైతం రాయబార కార్యాలయాలు మూతపడలేదు, రాయబారికి బదులు తాత్కాలిక అధిపతి స్థాయి దౌత్యాధికారి ఉండేవాడు. నేను పైన చెప్పిన యడాగమం ఇదే. 1970 మే 1న తియాన్‌మెన్ వేదిక మీద మావో సేటుంగ్ చిరునవ్వుతో పలకరించినది అటువంటి ఒక అధికారినే. ఆయన పేరు బ్రజేష్ మిశ్రా. ఆ కుర్చీ ఖాళీగా ఉండివుంటే ఆ పలకరింపు అందుకోవడానికి మనిషే లేడు. 1976లో కె.ఆర్. నారాయణన్ రాయబారిగా వెళ్ళారు. అది ఇందిరాగాంధీ నిర్ణయం. 1962 పరాజయపు గాయం ఆమెకంటే ఎక్కువ ఎవరికుంటుంది? తండ్రిని కుంగదీసిన దేశానికే ఆమె రాయబారిని పంపింది. దానిని అప్పుడెవరైనా ద్రోహమన్నారా?

1979 ఫిబ్రవరిలో విదేశాంగమంత్రిగా అటల్ బిహారీ వాజపేయి చైనా వెళ్ళారు. ఆయన అక్కడ ఉండగానే చైనా వియత్నాం మీద దండెత్తింది. ఆయన పర్యటన కుదించుకుని తిరిగివచ్చారు. నిరసన తెలిపే పద్ధతి అది. కాని రాయబార కార్యాలయానికి తాళం వేయలేదు. అదే వాజపేయి ప్రధానిగా 2003లో మళ్ళీ వెళ్ళారు, సరిహద్దు చర్చలకు ప్రత్యేక ప్రతినిధుల వ్యవస్థ ఆ పర్యటనలోనే పుట్టింది. దేశభక్తిలో ఆయనకంటే తామే మిన్న అనుకునేవారు ఈ రెండు ప్రయాణాలనూ ఒకసారి పక్కపక్కన పెట్టి చదవాలి.

ఇక మన తెలుగువాడి సంగతి. పాములపర్తి వేంకట నరసింహారావు 1981లో చైనా విదేశాంగమంత్రి ఢిల్లీ వచ్చినప్పుడు మన విదేశాంగమంత్రి. సరిహద్దు చర్చలు మళ్ళీ మొదలైనదీ, కైలాసయాత్రకు దారి తెరిచినదీ ఆ ఏడే. 1988 డిసెంబరులో రాజీవ్‌గాంధీ చైనా వెళ్ళినప్పుడు కూడా ఆ శాఖ ఆయనదే. 34 ఏళ్ళ తరువాత ఒక భారత ప్రధాని చేసిన తొలి చైనా పర్యటన అది. సరిహద్దు తేలేదాకా మరేదీ వద్దు అనే పట్టును అప్పుడు సడలించి, సరిహద్దు చర్చ ఒకవైపు, తక్కిన వ్యవహారం మరొకవైపు సాగాలని నిశ్చయించారు. 1993 సెప్టెంబరు 7న ప్రధానిగా పి.వి. చేసిన పర్యటనలో వాస్తవాధీన రేఖ వెంబడి శాంతిసామరస్యాల ఒప్పందం కుదిరింది. వేయిపడగలను హిందీలోకి తెచ్చిన సాహిత్యవేత్త ఆయన, అలంకారాలకు కొదవ లేదు. ఆ ఒప్పందంలో మాత్రం అలంకారం లేదు, భాయి భాయి లేదు. బలప్రయోగం చేయరాదు, బెదిరించరాదు, తుది పరిష్కారం వచ్చేదాకా వాస్తవాధీన రేఖను మన్నించాలి, సేనలను తగ్గించాలి, రేఖ ఎక్కడన్న విషయంలో భేదం వస్తే ఉభయులూ కలిసి పరీక్షించుకోవాలి. ఎంత చప్పని వాక్యాలో చూడండి! 1954 నాటి వాక్యాలు ఎంత మధురంగా ఉండేవి! మధురవాక్యాలు 8 ఏళ్ళకు యుద్ధంలో ముగిశాయి. చప్పని వాక్యాల అండతో, 1975 నాటి ఆ నలుగురి తరువాత 2020 వరకు, 45 ఏళ్ళపాటు ఆ రేఖ మీద పోరులో ఒక్క ప్రాణం పోలేదు.

ఇక్కడ మొదటి పక్షం తన బ్రహ్మాస్త్రం తీస్తుంది. గాల్వాన్.

2020 జూన్ 15 రాత్రి గాల్వాన్ లోయలో మన సైనికులు 20 మంది వీరమరణం పొందారు. వారి నాయకుడు కర్నల్ బిక్కుమళ్ల సంతోష్‌బాబు సూర్యాపేట బిడ్డ, కోరుకొండ సైనిక పాఠశాలలో చదువుకున్నవాడు, 16వ బిహార్ పటాలానికి అధిపతి. మరణానంతరం ఆయనకు మహావీరచక్ర ఇచ్చారు. చైనా తనవైపు నలుగురు చనిపోయారని ఒప్పుకోవడానికే 2021 ఫిబ్రవరి దాకా పట్టింది. ఒప్పందాలను తుంగలో తొక్కినది చైనా. ఇందులో నాకెంతమాత్రం సందేహం లేదు, చైనాను వెనకేసుకొచ్చే ఉద్దేశమూ లేదు.

కాని సంతోష్‌బాబు ఆ సాయంత్రం అక్కడికి ఎందుకు వెళ్ళారు? జూన్ 6న ఉభయసేనల ఉన్నతాధికారులు కూర్చుని వెనక్కు తగ్గడానికి ఒక అంగీకారానికి వచ్చారు. ఆ అంగీకారం ప్రకారం చైనావారు కదిలారో లేదో చూసి, కదిలించడం ఆయన పని. మాటను నిలబెట్టించడానికి వెళ్ళి ప్రాణమిచ్చిన యోధుడాయన. అటువంటి యోధుడి పేరును మాటలే వద్దు అనే వాదానికి సాక్షిగా పిలవడం ఆయనకు చేసే గౌరవమా? దొంగ చట్టాన్ని ఉల్లంఘించాడు కనుక చట్టాన్ని చింపేద్దామని ఎవరైనా అంటారా? చట్టంలో సందు ఎక్కడుందో వెతుకుతారు.

ఆ సందు ఎక్కడుందో దాచేదేమీ లేదు. 1993, 1996 ఒప్పందాలు రెండూ రేఖను స్పష్టం చేసుకోవాలన్నాయి. 2000లో మధ్యవిభాగానికి మాత్రం ఉభయులూ పటాలు మార్చుకున్నారు. 2002లో పడమటి విభాగం, అంటే లడఖ్ విభాగం, దగ్గర ఆ పని నిలిచిపోయింది. పటం లేని రేఖ మీద ఇరుపక్షాల గస్తీలూ తిరిగాయి. సంధి జరిగినందుకు కాదు, సంధి సగంలో ఆగినందుకు గాల్వాన్ జరిగింది. సగంలో ఆగిన ఇల్లు కూలితే ఇళ్ళే కట్టరాదనడం ఏమి తర్కం?

గాల్వాన్ తరువాత జరిగినదైనా చూడండి. 2024 ఫిబ్రవరి నాటికి ఉభయసేనల దళాధిపతులు 21 సార్లు కూర్చున్నారు. 2021 ఫిబ్రవరిలో పాంగాంగ్, అదే ఏడు ఆగస్టులో గోగ్రా, 2022 సెప్టెంబరులో హాట్‌స్ప్రింగ్స్, చివరకు 2024 అక్టోబరులో దెప్సాంగ్, దెమ్‌చోక్. సేనలు ఎదురెదురు నుంచి తొలగిన ప్రతిచోటా పనిచేసినది మాట. ఆ మాట వెనుక కొండలమీద నిలిచిన మన సైనికుల బలం ఉన్నది, అది లేకుంటే మాటకు విలువ లేదు. కాని బలం ఒక్కటే ఉండి మాట లేకుంటే ఆ సైనికులు ఇంకా ఎన్ని చలికాలాలు అక్కడే గడ్డకట్టుకోవాలి?

బహిష్కరణవాదుల మరో ముచ్చట వస్తువుల బహిష్కరణ. 2020 జూన్ 29న టిక్‌టాక్ మొదలుగా 59 చైనా యాప్‌లను నిషేధించినప్పుడు వీధుల్లో టీవీ పెట్టెలు పగలగొట్టినవారున్నారు. 2024-25 ఆర్థికసంవత్సరం లెక్క చూస్తే చైనా నుంచి మన దిగుమతులు 11,300 కోట్ల డాలర్లు దాటాయి, ఎగుమతులు 1,400 కోట్ల డాలర్లకు కొంచెం పైన. లోటు సుమారు 9,900 కోట్ల డాలర్లు. హైదరాబాదు మందుల పరిశ్రమకు ముడిసరుకులో పెద్ద పాలు అక్కడినుంచే వస్తుంది. అంటే తెగినవి విమానాలు, యాత్రలు, విలేకరుల వీసాలు, విద్యార్థుల ప్రయాణాలు. తెగనిది మన పరాధీనత. చైనా విశ్వవిద్యాలయాల్లో చేరిన భారతీయ విద్యార్థులు 23,000 మందికి పైగా, అందులో వైద్యం చదివేవారే అధికం, మన తెలుగు పిల్లలూ వారిలో ఉన్నారు. మహమ్మారి పేరిట చైనా మూసిన తలుపు 2022 ఆగస్టు దాకా తెరుచుకోక ఆ పిల్లలు ఇళ్ళలో కూర్చుని అంతర్జాలంలో వైద్యం చదివారు. తలుపు మూసినప్పుడు ముందు ఉక్కిరిబిక్కిరయ్యేది ఎవరో దీనినిబట్టి తెలుస్తుంది.

బ్రహ్మపుత్ర ఒడ్డున ఉండేవారిని అడిగినా చెబుతారు. వరదకాలపు నీటిమట్టాల సమాచారం చైనా మనకు ఇవ్వాలని 2002లో ఒడంబడిక కుదిరింది. 2017లో డోక్లాం వద్ద 73 రోజులు సేనలు ఎదురుబొదురుగా నిలిచాయి. ఆ వానాకాలం ఆ సమాచారం అందలేదని మన విదేశాంగశాఖే చెప్పింది. మరుసటి ఏడు మళ్ళీ అందింది. పైనున్నవాడు ఎంత చెడ్డవాడైనా నీరు అతని ఇంటిమీదుగానే రావాలి. అతనితో మాట్లాడనంటే వరద ఆగుతుందా?

ఇప్పుడు రెండవ పక్షం వంతు. వారికి చెప్పవలసినదీ తక్కువేమీ కాదు. 2018లో ఊహాన్, 2019లో మామల్లపురం. ఉయ్యాల ఊగినంత ఆహ్లాదంగా శిఖరాగ్ర సమావేశాలు జరిగాయి. మామల్లపురం శిల్పాల ముందు తీసిన ఛాయాచిత్రాలకు ఎనిమిది నెలలు నిండేసరికి గాల్వాన్. 1954 పాఠం మనకు మళ్ళీ అప్పజెప్పించినట్టయింది. 2025 ఏప్రిల్‌లో అరుదైన ఖనిజాల అయస్కాంతాల ఎగుమతిని చైనా బిగించగానే మన వాహన పరిశ్రమ ఊపిరి బిగబట్టింది. ఆ మే నెలలో పాకిస్తాన్‌తో పోరు సాగినప్పుడు చైనా ఆ దేశానికి సమాచారం అందించిందని మన సైన్యపు ఉన్నతాధికారి ఒకరు బహిరంగంగానే అన్నారు. ఇవన్నీ చూసి కూడా ఆసియా శతాబ్ది గీతాలు పాడేవారు శాంతికి మేలు చేయడం లేదు. వారు పెంచే ఆశ రేపు విరిగినప్పుడు ఆ విరుపులోంచే బహిష్కరణ కేక మళ్ళీ లేస్తుంది. భాయి భాయి పాటకు, బహిష్కరణ కేకకు శ్రుతి ఒక్కటే.

పరదేశపు దృష్టాంతం ఒకటి. తూర్పు జర్మనీని గుర్తించే దేశంతో తెగతెంపులు చేసుకుంటానని 1955 నుంచి పశ్చిమ జర్మనీ పంతం పట్టింది. 1957లో యుగోస్లావియాతో, 1963లో క్యూబాతో అలాగే తెంచుకుంది. ఆ పంతం నడుస్తుండగానే 1961లో బెర్లిన్ గోడ లేచింది. విల్లీ బ్రాంట్ ఆ పంతం వదిలాడు. 1972 డిసెంబరులో రెండు జర్మనీలకు ఒప్పందం కుదిరింది. 1974లో పరస్పరం శాశ్వత ప్రతినిధుల కార్యాలయాలు వెలిశాయి. తూర్పు జర్మనీ పరదేశమని ఒప్పుకోకుండానే పశ్చిమ జర్మనీ ఈ పని చేసింది, అందుకే వాటికి రాయబార కార్యాలయాలన్న పేరు పెట్టలేదు. ఆ ఏడే బ్రాంట్ కార్యాలయంలో తూర్పు జర్మనీ గూఢచారి పట్టుబడ్డాడు, బ్రాంట్ పదవి వదులుకున్నాడు. ఒప్పందం మాత్రం నిలిచింది. సంధి చేసుకున్నంత మాత్రాన ఎదుటివాడు గూఢచర్యం మానడు. గూఢచర్యం చేశాడని సంధిని కాల్చుకున్నవాడికి లాభం లేదు. ఈ రెండూ ఒకేసారి తెలిసివుండడమే ప్రౌఢత.

అయితే ప్రజాస్వామ్యానికీ నియంతృత్వానికీ భేదమే లేదా? ఉన్నది. అది ఎదుటివాడితో మాట్లాడడంలో కాదు, మాట్లాడినది మనవారికి చెప్పడంలో ఉన్నది. 1959 నుంచి నెహ్రూ ప్రభుత్వం చైనాతో నడిచిన ఉత్తరప్రత్యుత్తరాలను శ్వేతపత్రాలుగా పార్లమెంటు ముందు పెట్టింది. 1962 నవంబరులో, యుద్ధం సాగుతుండగానే, పార్లమెంటు కూర్చుని చర్చించింది. ప్రతిపక్షాలు ప్రధానిని ముఖం మీదే నిలదీశాయి. పెకింగులో అలా అడగగలిగినవాడు ఒక్కడూ లేడు. 2024 డిసెంబరులో మన విదేశాంగమంత్రి ఉభయసభల్లో ప్రకటన చేశారు, సంతోషం. కాని ఆ అక్టోబరు అంగీకారపు పూర్తి పాఠం ప్రజల ముందుకు రాలేదు. మధ్యలో ఏర్పడ్డ తటస్థమండలాల్లో మన పశువుల కాపరులు, మన గస్తీ ఇదివరకు ఎంతదూరం వెళ్ళేవారు, ఇప్పుడెంతదూరం వెళ్తున్నారు అన్న ప్రశ్నకు సూటి జవాబు రావాలి. ఓడిపోయిన సంవత్సరంలో చూపిన ధైర్యం, ఓడిపోని సంవత్సరాల్లో ఎందుకు లేకపోయింది? బహిష్కరణవాదులకు నిజంగా దేశం మీద ప్రేమ ఉంటే రాయబార కార్యాలయం మూయమని కాదు, పాఠం చూపించమని అడగాలి.

భాషోపాధ్యాయుడిగా ఇంకొక మాట చెప్పకపోతే నాకు తృప్తి ఉండదు. 2019లో వచ్చిన జాతీయ విద్యావిధానపు ముసాయిదాలో, పిల్లలు నేర్చుకోదగిన విదేశీభాషల ఉదాహరణల్లో చైనాభాష ఉన్నది. గాల్వాన్ జరిగిన ఆరువారాలకు, 2020 జూలై 29న వెలువడిన తుదిప్రతిలో అది లేదు. కొరియా, జపాను, థాయి, ఫ్రెంచి, జర్మను, స్పానిష్, పోర్చుగీసు, రష్యను ఉన్నాయి. 3,400 కిలోమీటర్లకు పైబడిన సరిహద్దు ఏ దేశంతో ఉన్నదో ఆ దేశపు భాష లేదు. కోపం వచ్చి పొరుగువాడి భాష నేర్చుకోవడం మానేస్తే నష్టం ఎవరికి? అతడు మన గురించి ఏమి వ్రాసుకుంటున్నాడో మనకు తెలియకుండా పోతుంది, అంతే. ఏడవ శతాబ్దిలో ధాన్యకటకం దాకా నడిచివచ్చిన హ్యూయన్‌త్సాంగ్ తాను చూసినది తన భాషలో వ్రాసిపెట్టుకున్నాడు కనుకనే, ఆనాటి ఆంధ్రదేశాన్ని గురించి మనకే తెలియని సంగతులు ఈనాడు మనం చదవగలుగుతున్నాం. 1937లో శాంతినికేతనంలో చీనాభవనం నెలకొల్పిన రవీంద్రుడికి ఈ వివేకం ఉండేది. సంధిపత్రంలో ఒక్క పదానికి రెండు భాషల్లో రెండర్థాలు వచ్చినప్పుడు పట్టుకోవలసినవాడు భాష తెలిసినవాడే. అటువంటివారిని తయారుచేయకుండా సరిహద్దు కాపాడుతామనడం కత్తి నూరి కళ్ళకు గంత కట్టుకోవడం వంటిది.

కనుక నా పక్షం ఇది. రాయబారులు ఎల్లప్పుడూ ఉండాలి, రోషం వచ్చిన రోజున మరీ ఉండాలి. సరిహద్దున సైన్యం గట్టిగా ఉండాలి. లడఖ్ విభాగపు పటాలు మార్చుకునే పని, 2002లో ఆగిన చోటినుంచే, మళ్ళీ పట్టాలి. కుదిరిన ప్రతి అంగీకారమూ పార్లమెంటు ముందుకు రావాలి. ముడిసరుకులో పరాధీనత తగ్గించుకోవడానికి టీవీలు పగలగొట్టనక్కరలేదు, కర్మాగారాలు కట్టాలి. సంబంధాలు సాధారణంగా ఉండాలంటే వాటిని గురించి మనం మాట్లాడే మాటలు కూడా సాధారణంగా ఉండాలి. కౌగిలింతలూ వద్దు, శాపనార్థాలూ వద్దు.

వీరేశలింగం పంతులుగారు వ్రాసిన సంధి అటకమీద ఎక్కడైనా ఉంటే దుమ్ము దులిపి చదవండి. ఈ వాదంలో దోషముందనుకునేవారు వ్యాఖ్యల్లో నిర్మొహమాటంగా ఖండించవచ్చు. చైనా ఏజెంటు, దేశద్రోహి వంటి బిరుదులు మాత్రం వద్దు, వాటికి సమాధానం వ్రాయను. తేదీకి తేదీ, కారణానికి కారణం పెట్టి వాదించేవారికి ఎంత రాత్రయినా జవాబిస్తాను.

స్వస్తి.